కత్తిరించిన దుప్పట్లు

బేకరీ పైన ఇల్లు,
సోమవారం

పిచ్చుకా,

అక్కడ నిన్నందరూ సిస్టర్ అంటారని తెలుసు. నాకు మాత్రం నువ్వు, నేనీ ఇంటి కోడలిగా వచ్చిన రోజున బల్ల కింద దూరి రస్కులు నములుతూ దొరికిన ఆడపడుచువే. కాబట్టి పిచ్చుకా అనే పిలుస్తాను. మీ మదర్ కోప్పడితే కోప్పడనీ.

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు నా గోడు విను. ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను.

మీ అన్నయ్య ఈ నెల నుంచి బేకరీలో అందరికీ ఒకే జీతం అన్నాడు. ఊరికే అనలేదు, ఇచ్చేశాడు కూడా. బట్టీ మేస్త్రీకి, పిండి కలిపే అన్నదమ్ములిద్దరికి, మొన్న మొన్ననే చేరిన కౌంటర్ అమ్మాయికి, తనకు, అందరికీ ఒకేలాంటి కవర్లు. బైబిల్లో ద్రాక్షతోట ఉపమానం ఉంది చూడు, పొద్దున వచ్చినవాడికీ పొద్దుగూకాక వచ్చినవాడికీ యజమాని ఒకే కూలి ఇస్తాడే, అదంతా వాళ్ళను వరసగా నిలబెట్టి చదివి వినిపించాడు. పాపం మేస్త్రీ, చేతులకంటిన పిండి కూడా కడుక్కోకుండా నిలబడి విన్నాడు. బట్టీ సెగకు ముఖం కమిలిపోయిన మనిషి. అత్తయ్య ఉన్నప్పటి నుంచీ ఉన్నాడు. ఆయన భార్యకు చూపు పోతోందని ఈ వీధిలో తెలియనివాళ్ళు లేరు. కౌంటర్ అమ్మాయికి ముందూ వెనకా ఎవరూ లేరు. ఇద్దరికీ ఒకటే కవరు!

ఇంతటితో ఆగితే నేను నీకు రాసేదాన్నే కాదు. బేకరీ మొత్తాన్ని పనివాళ్ళ పేర రాసేస్తాడట. సంపద ఉన్నవాడికి నిద్ర ఎలా పడుతుందని నన్నే అడుగుతున్నాడు. నాకైతే బాగానే పడుతోంది బాబూ అన్నాను. నవ్వలేదు.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తున్నాను. అత్తయ్య పోతూ బేకరీని మీ ఇద్దరికీ చెరిసగం రాసింది. చివరి మాటపట్టుకు, అంటే బతికినంతకాలం సిస్టర్‌గానే ఉంటామని దేవుడికి మాటిచ్చే రోజుకు, ముందు సిస్టర్లు తమ ఆస్తిని ఎవరికో ఒకరికి రాసెయ్యాలని, అది మీ నియమమని నువ్వే చెప్పావు. నీ సగం తన పేర రాయమని మీ అన్నయ్య నీకు రాయబోతున్నాడు. నువ్వలా చేశావో, అంతే సంగతులు. మేముండే గదులు బేకరీ మీదే ఉన్నాయి. కిందిది పోతే పైదీ పోతుంది.

నీ సగం నా పేర రాయి. సిగ్గు విడిచి అడుగుతున్నాను. పేదగా బతుకుతానని నువ్వు మాటిచ్చావు, అది నీ ఇష్టం. నా తరఫున మాటిచ్చే హక్కు మీ అన్నయ్యకెవరిచ్చారు?

వెంటనే జవాబు రాయి.

మీ వదిన

*

కాన్వెంటు, వృద్ధాశ్రమం వైపు గది,
శుక్రవారం

ప్రియమైన వదినకు,

ప్రభువు శాంతి నీకు తోడుగా ఉండాలి. నీ ఉత్తరమూ అన్నయ్య ఉత్తరమూ ఒకే రోజున అందాయి. రెండూ ప్రార్థన పుస్తకంలో పెట్టుకుని పదే పదే చదివాను.

వదినా, నీ ఆందోళన నాకు అర్థమైంది. కాకపోతే ఒక్కమాట. ఆస్తిని మనం పట్టుకున్నామని అనుకుంటాం గానీ అదే మనల్ని పట్టుకుని ఉంటుంది. ధనవంతుడు పరలోకంలో ప్రవేశించడం ఎంత కష్టమో ప్రభువు చెప్పిన మాట నీకు తెలియనిది కాదు. అన్నయ్య తొందరపడుతుండవచ్చు, అతని మనసు మాత్రం మంచిది. ఈ పరీక్షను ఓర్పుతో స్వీకరించు.

ఇక్కడ మా జీవితం చాలా తేలిక. నా గదిలో ఒక ఇనుప మంచం, ఒక కుర్చీ, గోడకు సిలువ. బట్టలు రెండు జతలు. పెట్టెకు తాళం ఉండదు. ఎవరికి ఏ బహుమానం వచ్చినా భోజనాల గదిలోని పొడవాటి బల్ల మీద పెట్టాలి. అది అందరిదీ అవుతుంది. పగలంతా వృద్ధుల దగ్గర ఉంటాను. స్నానాలు చేయించడం, మందులివ్వడం, ముసలమ్మల పోట్లాటలు తీర్చడం. వాళ్ళలో ఒకావిడను అందరూ రాణీగారని పిలుస్తారు. ఒకప్పుడు పెద్ద ఇంట్లో వంట చేసేదట. ఇప్పటికీ మమ్మల్ని పనివాళ్ళను పిలిచినట్టే పిలుస్తుంది. నాకు ఆవిడంటే ఇష్టం.

ఆస్తి ఎవరికి రాస్తావని మదర్ అడగరు. అడగకూడదని నియమం. ఆ కాగితం మేమే, మా అంతట మేమే రాసుకోవాలి. చలి తగ్గేలోపు మాటపట్టు. ఆలోగా ఏదో ఒకటి రాస్తాను. ఇంకా నిర్ణయించుకోలేదు.

మీ ఇద్దరి కోసం ప్రార్థిస్తున్నాను.

క్రీస్తునందు,
నీ ఆడపడుచు

*

బేకరీ పైన ఇల్లు,
బుధవారం

పిచ్చుకా,

ఉత్తరం రాయమంటే ప్రసంగం రాసి పంపావు. ఆదివారం ఒకటి ఎలాగూ వింటాను, వారం మధ్యలో ఇంకోటెందుకు తల్లీ?

ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీకు జ్వరమొస్తే డాక్టర్ను ఎవరు పిలుస్తారు? మీ కప్పు కారితే ఎవరు వేయిస్తారు? రేపు భోజనం ఉంటుందా అని ఎప్పుడైనా బెంగపడ్డావా? నీ పేదరికానికి నాలుగు గోడలున్నాయి. మీ అన్నయ్య నన్ను రమ్మంటున్న పేదరికానికి ఏమున్నాయో చెప్పు.

మా నాన్న బోధకుడని నీకు తెలుసు. ఎలాంటి బోధకుడో నీకెప్పుడూ చెప్పలేదు. ఇంటికెవరొచ్చినా వట్టి చేతులతో పంపేవాడు కాదు. మా అమ్మ పని నుంచి వచ్చి చెప్పులు విడిచి లోపలికెళ్ళి, మళ్ళీ వచ్చేసరికి చెప్పులుండేవి కావు. ఆవిడ గుమ్మంలో వెతుక్కుంటుంటే మా నాన్న నవ్వుతూ, "ప్రభువుకిచ్చాను" అనేవాడు. అవి ఆయన చెప్పులు కావు, అమ్మవి! ఊళ్ళో అందరూ నాన్నను దేవుడిలాంటి మనిషనేవాళ్ళు. అమ్మ వట్టి కాళ్ళతో పనికెళ్ళేది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఇల్లు ఖాళీ చేసిన ప్రతిసారీ సామాను మోసింది ఆవిడా నేనూనూ. అందుకే నాకు ఓర్పు గురించి రాయకు.

మేస్త్రీ సంగతి విను. మొన్న పని అయ్యాక వెనక మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ పైకి రాని మనిషి. "అమ్మా, అందరికీ సమానమంటే నాకేం కడుపుమంట లేదు. ఆ పిల్ల నా కూతురిలాంటిది. జీతం తగ్గిందని మా ఆవిడకు కంటి మందులు ఆపలేం గదా" అన్నాడు. చెప్పడానికి ఎంత నలిగిపోయాడో! నేను మీ అన్నయ్యకు చెప్పాను. "అతనికి ఎక్కువిస్తే అది సమానం ఎలా అవుతుంది?" అన్నాడు. గోడకు చెప్పుకున్నా కాస్త నయం.

అప్పటి నుంచి మన వంటింటి ఖర్చులో మిగిల్చి మేస్త్రీ భార్యకు పంపుతున్నాను. మీ అన్నయ్యకు తెలీదు. పాలు తగ్గించాను. "ఈ మధ్య టీ పలచగా ఉంటోందే" అన్నాడు. సమానత్వం కదా, నీళ్ళూ పాలూ సమానం అన్నాను.

ఇప్పుడు సూటిగా చెప్పు. నువ్వు దారిద్ర్యాన్ని అంత ప్రేమిస్తున్నదానివి, ఆ కాగితం ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదు? ఆయనకూ రాయలేదు, నాకూ రాయలేదు, మీ మదర్‌కీ రాయలేదు. నువ్వేదో దాస్తున్నావు. చిన్నప్పుడు రస్కులు దాచుకున్న మొహం నాకు కాగితంలోంచి కూడా కనిపిస్తుంది.

వదిన

*

కాన్వెంటు,
మంగళవారం

వదినా,

ఈసారి ప్రసంగం లేదు.

చలి బాగా ముదిరింది. ఎవరో దాత వృద్ధుల కోసం ఉన్ని దుప్పట్లు పంపాడు. మందంగా, పెద్దగా, చాలా మంచివి. అన్నీ పొడవాటి బల్ల మీద పెట్టాం. ఇక్కడున్న ముసలివాళ్ళ సంఖ్యలో సగానికి కూడా రావు అవి. ఎవరికివ్వాలి? రోగులకా, వయసులో పెద్దవాళ్ళకా? ఎవరిని కాదన్నా వాళ్ళు నొచ్చుకుంటారు. ప్రభువు దృష్టిలో అందరూ సమానమే కదా అన్నాను. అన్నది నేనే, వదినా. మదర్ సరే అన్నారు. కత్తెర నా చేతికే ఇచ్చారు.

ప్రతి దుప్పటినీ ముక్కలు చేశాను. కొలతపట్టీ పెట్టి, ఒక్క వేలు కూడా తేడా రాకుండా కోశాను. పంచుతున్నప్పుడు నాకెంత సంతోషం వేసిందో నీకు చెప్పలేను. ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు.

మర్నాడు పొద్దున వార్డులోకి వెళ్ళాను. కాళ్ళు కప్పుకున్నవాళ్ళకు భుజాలు బయట, భుజాలు కప్పుకున్నవాళ్ళకు కాళ్ళు బయట. రాణీగారు తన ముక్కను మడిచి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. "రా అమ్మాయ్, చూసుకో. నిన్నటిదాకా కొందరం వణికేవాళ్ళం. ఇవాళ అందరం సమానంగా వణుకుతున్నాం" అంది. తర్వాత, "ఆ పక్క మంచం దానికి ఊపిరితిత్తుల జబ్బు. దానికొకటి నిండుగా ఇచ్చి ఉంటే నేను చలికి తిట్టుకుంటూ పడుకునేదాన్ని గానీ చచ్చేదాన్ని కాదు. నన్నొకసారి అడగాల్సింది" అంది.

ఆ పక్క మంచం ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇంకా రాలేదు. దుప్పటి వల్లే అని ఎవరూ అనలేదు. నేనే అనుకుంటున్నాను. ముక్కలన్నీ వెనక్కి తీసుకుని కుడుతున్నాను. కుట్లలోంచి గాలి దూరుతుంది, తెలుసు.

నువ్వడిగినదానికి జవాబు. అవును, దాస్తున్నాను. ఆ సగం వాటా నా దగ్గరున్నంత కాలం, ఇక్కడ ఉండలేకపోతే వెళ్ళడానికి ఒక చోటుంది. వాటా రాసేస్తే ఇక లేదు. ఆస్తి మనల్ని పట్టుకుంటుందని నీకు రాసినప్పుడు నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. అన్నయ్యకు రాయకపోవడానికి కారణం నీమీద జాలి కాదు. నీకు రాయకపోవడానికి కారణం ధర్మమూ కాదు. భయం వదినా, అంతే. తిరిగొచ్చే దారి మూసుకోవాలంటే చచ్చేంత భయం.

ఎవరికీ చెప్పకు. అన్నయ్యకు అసలే చెప్పకు.

పిచ్చుక

*

బేకరీ పైన ఇల్లు,
శనివారం

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివాను. నిన్ను కసిరినందుకు బాధపడ్డాను, అయినా మంచిదే అయింది, లేకపోతే నువ్వు నోరు విప్పేదానివి కాదు.

ఇక్కడ అంతా బయటపడింది. మేస్త్రీ భార్య పాపం కృతజ్ఞత చెప్పుకోవడానికి తడుముకుంటూ నడిచి వచ్చింది. నేను చర్చిలో ఉన్నాను. మీ అన్నయ్యకు చెప్పి వెళ్ళింది. నేను వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "నా వెనక నా నియమానికి తూట్లు పొడిచావు" అన్నాడు. "నీ నియమం ఒక ముసలిదాని కళ్ళు తీస్తోంది" అన్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత గట్టిగా అరుచుకోలేదు. కింద పిండి కలిపే చప్పుడు ఆగిపోయింది. అంటే అందరూ విన్నారన్నమాట.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తన సగం పనివాళ్ళకు రాసేస్తాడట. నీ సగం గురించి నువ్వు చప్పుడు చెయ్యడం లేదు కనుక ఇక ఆగడట. వెనక వీధిలో ఒక గది చూసి పెట్టాడు. "నువ్వు వస్తావా?" అని అడిగాడు. అడిగాడు అనడం కూడా ఎక్కువే. అప్పటికే గది మాట్లాడేశాడు.

పనివాళ్ళ సంగతి చెప్తే నవ్వుతావు, ఏడుస్తావు. వాళ్ళకు గుండెల్లో రాయి పడింది. మేస్త్రీ నాతో అన్నాడు: "అయ్యగారు ఇస్తానంటే మేం వద్దనలేం. వద్దంటే ఆయన మనసు విరుగుతుంది. తీసుకుంటే మీరు వీధిలో పడతారు. మమ్మల్నెవరూ ఏం అడగట్లేదమ్మా." నన్నూ అడగలేదు మేస్త్రీ అన్నాను. మీ రాణీగారు చెప్పినదీ అదేగా.

నీ వాటా గురించి. నా పేర రాయమని అడిగింది కోపంలో. కోపం తగ్గాక కూడా కావాలనే ఉంది, అబద్ధమెందుకు? ఇల్లు పోతుందన్నది ఒక్కటే కారణం కాదు. పుట్టి బుద్ధెరిగాక ఇది నాది, ఇస్తే నేనివ్వాలి అనుకోదగ్గది ఒక్కటంటే ఒక్కటి నా చేతిలో లేదు. మా ఇంట్లో మా నాన్న ఇచ్చేవాడు. ఇక్కడ మీ అన్నయ్య ఇస్తున్నాడు. నేను ఎప్పుడూ ఇచ్చిపారేసిన ఇంట్లో ఉండేదాన్ని.

కానీ నీ భయం చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు రాయకు. నీ దారి నువ్వు ఉంచుకో. ఆదివారం సంగతి నేను చూసుకుంటాను. ఎలాగో మాత్రం ఇంకా తెలీదు.

వదిన

*

కాన్వెంటు,
సోమవారం

వదినా,

కాగితం ఇందులోనే ఉంది. నా సగం నీ పేర రాశాను. వకీలు చూశాడు, మదర్ సాక్షి సంతకం పెట్టారు. ఏం రాశావని అడగలేదు. తీసుకునేవాళ్ళ సంతకం కింద ఖాళీ ఉంది, అక్కడ నువ్వు సంతకం చేస్తేనే చెల్లుతుందట.

షరతులేమీ పెట్టలేదు. ఉంచుకో, అమ్ముకో, అన్నయ్యకివ్వు, పనివాళ్ళకివ్వు. నేను అడగను. నువ్వు వద్దన్నది జాలితోనని తెలిసే నీ ఉత్తరం వచ్చిన రోజునే రాసేశాను.

రాస్తున్నప్పుడు చెయ్యి వణికింది. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

పక్క మంచం ఆవిడ తిరిగొచ్చింది. అతుకుల దుప్పట్లలో మందమైనది ఆవిడకే ఇచ్చాం, అందరినీ అడిగాక. రాణీగారు అందరికంటే ముందు చెయ్యెత్తింది.

పిచ్చుక

*

బేకరీ పైన ఇల్లు,
ఆదివారం, సాయంత్రం

పిచ్చుకా,

ఇంకా వంట కూడా కాలేదు. అయినా ఇవాళే రాయాలి.

ఆరాధన అయ్యాక అందరం బేకరీలోకి వచ్చాం. ఆదివారం కదా, బట్టీ చల్లగా ఉంది. మీ అన్నయ్య పిండి పిసికే బల్ల తుడిచి కాగితం పరిచాడు. పనివాళ్ళు గోడకానుకుని నిలబడ్డారు, తప్పు చేసినవాళ్ళలాగా. ఆయన ప్రార్థన మొదలుపెట్టబోతుంటే నేను నీ కాగితం తీసి ఆ పక్కనే పెట్టాను.

చదివాడు. "నువ్వు కూడా ఇస్తావు కదా?" అన్నాడు.

"ఇవ్వను" అన్నాను.

ఆస్తి వదులుకోలేక ప్రభువు దగ్గర నుంచి దుఃఖంతో వెళ్ళిపోయిన బైబిల్లోని ఆ పడుచువాణ్ణి గుర్తుచేశాడు. "నాకు దుఃఖంగా లేదు. నేనెక్కడికీ వెళ్ళడం లేదు కూడా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇచ్చేముందు ఎవరికేం కావాలో ఒక్కసారి అడుగుదాం. ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాను.

మేస్త్రీని అడిగాను. భార్య కళ్ళు బాగయ్యేదాకా కాస్త ఎక్కువ కావాలన్నాడు, తల దించుకుని. అన్నదమ్ములకు జీతం చాలట, ఒకరి తర్వాత ఒకరికి సెలవు కావాలట. ఇద్దరూ ఒకేసారి బేకరీలో ఉంటే ఇంట్లో మంచం పట్టిన తల్లిని చూసేవాళ్ళు లేరు. మనకీ సంగతే తెలీదు! కౌంటర్ అమ్మాయి, "నాకిచ్చేదాంట్లో మిగులుతోందమ్మా. మేస్త్రీగారికి ఇప్పించండి. నాకు మాత్రం బట్టీ పని నేర్పించండి" అంది. ఇదంతా మీ అన్నయ్య కాగితం మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

అప్పుడు మేస్త్రీ అడిగాడు. "అయ్యా, మీకేం కావాలి?"

మీ అన్నయ్యను ఆ మాట ఎవరైనా ఎప్పుడైనా అడిగారో లేదో! నేను కూడా అడగలేదు, ఒట్టు. పిండి బస్తా మీద కూలబడ్డాడు. "తీర్పు రోజున ఏమిచ్చావని ప్రభువు అడుగుతాడు. చేతులు ఖాళీగా చూపించాలి. నాకు భయంగా ఉంది" అన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు పిచ్చుకా. నీకు వెళ్ళే చోటుండదని భయం, ఆయనకు నిలబడే ధైర్యం లేదని భయం. ఒక తల్లి పిల్లలనిపించుకున్నారు. నేను పక్కన కూర్చున్నాను. కోపం పోలేదు, కానీ కూర్చున్నాను.

తన సగం మాత్రం రాసేశాడు. నేను ఆపలేదు. అది ఆయనది. ఈసారి వాళ్ళను అడిగాడు, పై ఇల్లు నాకూ మీ అన్నయ్యకూ ఉండేలా రాస్తేనే తీసుకుంటామన్నారు. కాబట్టి రేపటి నుంచి మీ అన్నయ్య కూలివాడు. వెనక వీధి గది వద్దని చెప్పి రావడానికి ఇప్పుడే వెళ్ళాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "నేను వెళ్ళొచ్చా?" అని నన్నడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలీక తలూపాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ కాగితం బల్ల మీద పెట్టానే గానీ సంతకం చెయ్యలేదు. ఇవాళ అందరి ముందూ నా సగం ఇవ్వనని గొంతు చించుకున్నాను, అప్పటికది ఇంకా నీదే. ఎవరూ ఆ కింది గీత చూడలేదు, నా అదృష్టం. నాకెంత కావాలో నీకు తెలుసు. కలం తీశాను, మూత పెట్టాను. వణికిన చేత్తో రాసింది నేనెలా తీసుకోను? మా నాన్న ఇచ్చేసిన అమ్మ చెప్పులు ఎవరో ఒకరు వేసుకునే ఉంటారుగా, ఆ మనిషిని నేను కాకూడదు.

నీ మాటపట్టు రోజున నేను వస్తాను. లోపలికి వెళ్ళేముందు నా మొహం చూసి చెప్పు. కావాలనే ఇస్తున్నానంటే అక్కడే సంతకం చేస్తాను, సంతోషంగా తీసుకుంటాను. లేదంటే నీ పెట్టె పట్టుకుని వచ్చెయ్. ఈ సగం నీది, నీ గది నీది, ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యరు. వేస్తే నాతో చెప్పు.

వదిన

*

కాన్వెంటు,
గురువారం

వదినా,

భయం పోలేదు. పోతుందని ఎదురుచూశాను, పోయేలా లేదు. కానీ నువ్వు తలుపు తీసిపెట్టావని తెలిశాక, ఇటువైపే, ఈ సిస్టర్ల దగ్గరే ఉండాలని ఉంది నాకు.

రా. కలం మాత్రం నీదే తెచ్చుకో. ఇక్కడ కలాలన్నీ అందరివీ, అందుకే ఒక్కటీ సరిగ్గా రాయదు.

నీ పిచ్చుక